సత్తెమ్మ ఇచ్చిన నీళ్లు

2011 వానాకాలం. ఉప్పల్ చౌరస్తాకు కాస్త ఇవతల ఉన్న ఒక ప్రభుత్వ పరిశోధనాలయంలో నేనప్పుడు సైంటిస్టుని. నాచారంలో ఒక ఇంటి రెండో అంతస్తులో చిన్న పోర్షన్ అద్దెకు తీసుకుని ఒక్కదాన్నే ఉండేదాన్ని. పీహెచ్‌డీ కోసం గుంటూరు వైపు నుంచి వచ్చాను. అది అయ్యాక ఉద్యోగం కూడా ఇక్కడే దొరికింది, ఉండిపోయాను. పెళ్లి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదని అడిగేవాళ్లు కూడా ఆ ఏడాదికి అడగడం మానేశారు.

నా పనేమిటో ముందు చెప్పాలి. క్యాన్సర్ కణంలోకి ఒక జన్యువును పంపడం మా ప్రయత్నం. కణం ఏం చేయాలో చెప్పే ఆదేశమే జన్యువు. సరైన ఆదేశం లోపలికి చేరితే కణం పెరగడం ఆపేస్తుందని, లేదా తనంతట తనే చచ్చిపోతుందని ఆశ. కానీ జన్యువు ఒంటరిగా కణంలోకి పోలేదు. మోసుకెళ్లేది ఒకటి కావాలి. వైరస్‌లకు ఆ విద్య పుట్టుకతోనే వచ్చు గానీ, వాటిని వాడితే ఒంట్లోని రక్షణ వ్యవస్థ తిరగబడుతుందని భయం. అందుకని మేం వైరస్‌ల జోలికి పోకుండా కొవ్వుతో బుడగలు తయారుచేసేవాళ్లం. వాటిని లైపోసోమ్‌లంటారు. మా బుడగలకు ధన విద్యుదావేశం ఉంటుంది, జన్యువుకు రుణ విద్యుదావేశం. రెండూ కలిపితే అతుక్కుని చిన్న మూటలవుతాయి. కణం పక్కన ఆ మూటను పెడితే అది మింగేస్తుంది. దీనికి ట్రాన్స్‌ఫెక్షన్ అని పేరు.

మూట లోపలికి చేరిందో లేదో తెలియాలి కదా. అందుకు మొదట మందు జన్యువును పంపం. ఆకుపచ్చగా వెలిగే ప్రొటీన్‌ను తయారుచేసే జన్యువును పంపుతాం. మర్నాడు ప్రత్యేకమైన మైక్రోస్కోపు కింద పెట్టి చూస్తే, మూటను మింగిన కణాలు చీకట్లో పచ్చగా కనబడతాయి. మింగనివి కనబడవు. నా రోజుల్లో ఎక్కువ భాగం ఆ పచ్చదనం కోసం ఎదురుచూడడంలోనే గడిచింది.

కణాలు పెంచే గదిలో ఎక్కువమంది ఉండకూడదు, ఎక్కువ మాట్లాడకూడదు. నోటి తుంపర పడితే కణాలు పాడవుతాయి. మాస్కు కట్టుకుని, గాలి యంత్రం హోరు వింటూ గంటల తరబడి అక్కడ కూర్చునేదాన్ని. బయటికొచ్చాక ఎవరైనా పలకరిస్తే నా గొంతు నాకే కొత్తగా వినబడేది. నేను పెంచే కణాలు ఎవరో విదేశీయులవి. ఆ మనుషులు పోయి దశాబ్దాలైంది. వాళ్ల కణాలు మాత్రం సీసాల్లో తరతరాలుగా పెరుగుతూ ప్రపంచమంతా తిరుగుతున్నాయి. ఏళ్ల తరబడి క్యాన్సర్ మీద పనిచేస్తున్నా, నేను అప్పటివరకు ఒక్క క్యాన్సర్ రోగితో కూడా కూర్చుని మాట్లాడలేదు.

ఆ ఏడాది నాచారంలోని ఒక ట్రస్టు ఆసుపత్రితో కలిసి మేం కొత్త పని మొదలుపెట్టాం. అండాశయ క్యాన్సర్ ముదిరితే కడుపులో నీరు చేరుతుంది. దాన్ని అసైటిస్ అంటారు. ఊపిరాడక రోగి అవస్థ పడుతుంటే డాక్టర్లు సూది గుచ్చి ఆ నీటిని తీసేస్తారు. కొన్నాళ్లకు మళ్లీ చేరుతుంది, మళ్లీ తీస్తారు. పారబోసే ఆ నీళ్లలో బతికున్న క్యాన్సర్ కణాలుంటాయి. రోగి ఒప్పుకుంటే వాటిని మేం తెచ్చుకుని మా బుడగల్ని పరీక్షించుకోవచ్చు. ఇలాంటి పరిశోధనల్ని పరిశీలించే ఎథిక్స్ కమిటీ అనుమతి వచ్చింది. ఆసుపత్రి మనిషే నీళ్ల డబ్బా తెచ్చి ఇవ్వాలని ఏర్పాటు. మొదటి రోజే అతను సెలవు పెట్టాడు. నేనే ఐస్ డబ్బా పట్టుకుని వెళ్లాను.

ఆ గదిలో మంచం మీద యాభై దాటిన ఆవిడ ఒత్తిగిలి పడుకుని ఉంది. చేతులు పుల్లల్లా ఉన్నాయి, కడుపు మాత్రం నిండు నెలల మనిషి కడుపులా ఉంది. పక్కటెముకల కింద నుంచి ఒక గొట్టం. దాంట్లోంచి లేత పసుపు నీళ్లు సీసాలోకి కారుతున్నాయి. నన్నూ నా డబ్బానూ చూసి ఆవిడ అడిగిన మొదటి మాట ఇది.

"గా డబ్బల ఏమున్నది? ఐస్‌క్రీమా?"

"కాదండీ. ఉత్త ఐస్. మీ నీళ్లు తీసుకెళ్లడానికి వచ్చాను."

"నా నీళ్లా? మోరిల పోస్తరనుకున్న. గవి నీకేంటికి?"

ఆవిడ పేరు సత్తెమ్మ. బోడుప్పల్‌లో ఇంట్లోనే కుట్టుమిషన్ పెట్టుకుని జాకెట్లు కుట్టేది. పిల్లలు లేరు. భర్త మల్లేశం సిటీ బస్సులో కండక్టరు. ఆయన బయట వరండాలో ఫ్లాస్కు పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఒప్పుదల కాగితం మీద సంతకం పెట్టించుకునేటప్పుడు అంతా చెప్పానని డాక్టరు అన్నారు. కానీ నొప్పితో ఉన్న మనిషికి ఎంత ఎక్కిందో! మొదటినుంచి చెప్పాను. నీళ్లలో ఆవిడ జబ్బు కణాలు ఉంటాయని, వాటిని గాజు గిన్నెలో పెంచుతామని.

"అంటే నా రోగాన్ని మీరు సాదుతరా? కోడిపిల్లలెక్క?"

నాకు నవ్వొచ్చింది. ఆపుకున్నాను. "అలాంటిదే. కొన్నాళ్లు సాకి, మా మందు మూట వాటి లోపలికి పోతుందో లేదో చూస్తాం."

"పోతే నాకు తక్కువైతదా?"

ఈ ప్రశ్న వస్తుందని తెలుసు. సమాధానం కూడా తెలుసు. అయినా కళ్లలోకి చూస్తూ చెప్పాల్సి వస్తుందని అనుకోలేదు. "లేదండీ. ఇది మీకు పనికిరాదు. మందుగా మారడానికి చాలా ఏళ్లు పడుతుంది. మారకపోవచ్చు కూడా."

ఆవిడ కాసేపు గొట్టం వైపు చూసింది. "మంచిగ జెప్పినవ్. ఈడ ఎవ్వల్ని అడిగినా, అంతా మంచిగైతది, ఫికర్ జెయ్యకు అంటరు. తీస్కపో. గని ఒక్కటి. లోపలికి పోయిందో లేదో నాకొచ్చి జెప్పాలె."

చెబుతానని మాటిచ్చాను.

ల్యాబ్‌కు వచ్చి ఆ నీళ్లలోనే కణాల్ని గిన్నెల్లో పరిచి, మా బుడగల మూటల్ని వేశాను. మర్నాడు మైక్రోస్కోపు గదిలో దీపాలార్పి చూశాను. నలుపు. గిన్నె జరిపాను, ఇంకో మూలకు వెళ్లాను. ఎక్కడా ఒక్క చుక్క పచ్చదనం లేదు. విదేశీ కణాల్లో ఆకాశదీపాల్లా వెలిగే అదే మూట ఇక్కడ ఏమీ చేయలేకపోయింది.

కారణం నేను ఊహించగలిగిందే. మనిషి ఒంటి ద్రవాల్లో ప్రొటీన్లు దండిగా ఉంటాయి. వాటికి ఎక్కువగా రుణ విద్యుదావేశం ఉంటుంది కనుక, మా బుడగలు కణాన్ని చేరకముందే అవి వచ్చి చుట్టుకుంటాయి. మూట ముద్దయి అడుగున పడిపోతుంది. అందుకే మామూలుగా ల్యాబుల్లో కణాల్ని శుభ్రంగా కడిగి, ప్రొటీన్లు లేని ద్రవంలో పెట్టి పరీక్షిస్తారు. అది తప్పేమీ కాదు, అందరూ చేసేదే. నేనూ మరోసారి నీళ్లు తెచ్చి, కణాల్ని బాగా కడిగి మళ్లీ చేశాను. ఈసారి బ్రహ్మాండంగా వెలిగాయి. మా సార్ ఫోటోలు చూసి, పేపరుకు ఇవి చాలన్నారు.

ఆ రెండోసారి కూడా నీళ్లకు నేనే వెళ్లాను. ఆసుపత్రి మనిషి సెలవు నుంచి వచ్చేశాడు. వద్దు, నేనే వెళ్తానని చెప్పాను. ఎందుకని అతను అడగలేదు, అడిగితే ఏం చెప్పేదాన్నో నాకూ తెలీదు. ఆ తర్వాత మూడోసారి వెళ్లినప్పుడు ఆవిడ నన్ను చూడగానే అడిగింది.

"పోయిందా లోపలికి?"

"కడిగితే పోయింది అక్కా. మీ నీళ్లలో ఉన్నప్పుడు పోలేదు."

ఎప్పుడు 'అండీ' పోయి 'అక్కా' వచ్చిందో నేను గమనించలేదు.

"నా కడుపైతే కడుగరాదు గద చెల్లె."

నాకు తెలియని సంగతేమీ కాదది. పాఠ్యపుస్తకాల్లో ఉన్నదే, మా సమావేశాల్లో అందరం తలాడించేదే. కానీ ఆ మాట అన్న మనిషి కడుపు నా ఎదురుగా ఉంది. దాంట్లోంచి నీళ్లు కారుతున్న చప్పుడు వినబడుతోంది. నేను పేపరు సంగతి ఎత్తలేదు. ఆవిడే మాట మార్చి, నా జాకెట్టు చేతులు చూసి, "ఎవలు కుట్టిన్రు గిది? సంకల కాడ గుంజుతలేదా?" అంది. గుంజుతోందన్నాను. వచ్చేసారి కొలత జాకెట్టు తెమ్మంది. తెచ్చి ఇచ్చాను.

ఆవిడ ఇంటి దగ్గరే ఉండి, నీళ్లు చేరినప్పుడల్లా ఆసుపత్రికి వచ్చేది. అలా కొన్ని వారాలు గడిచాయి. గొట్టం పెట్టాక నీళ్లు కారడానికి చాలాసేపు పట్టేది. నేను స్టూలు లాక్కుని పక్కన కూర్చునేదాన్ని. ఆవిడ వీధి కబుర్లన్నీ చెప్పేది. ఎవరి పెళ్లికి ఎవరు ఎంత వెడల్పు మెడ కుట్టించుకున్నారో, వాళ్ల అత్తలు ఏమన్నారో. నాకు చెప్పడానికి పెద్దగా కబుర్లేమీ లేవు. కణాల గురించి చెప్పేదాన్ని. గిన్నెలో అవి ఒకదాన్నొకటి అంటిపెట్టుకుని ఎలా గుంపులు కడతాయో చెబితే ఆశ్చర్యంగా వినేది. "ఒక్కటే ఉంటే సస్తదా?" అని అడిగింది ఒకసారి. చాలావరకు చచ్చిపోతుందని చెప్పాను. "మరి నువ్వెట్లున్నవ్?" అంది. ఎగతాళి కాదు. నిజంగానే అడిగింది. ఏదో చెప్పి తప్పించుకున్నాను గానీ ఆ రోజంతా ఆ మాట నా వెంటే వచ్చింది.

ఇంతలో తెలంగాణ కోసం ఉద్యోగుల సమ్మె మొదలైంది. బస్సులు డిపోలు దాటలేదు. ఉప్పల్ చౌరస్తాలో రోజూ సభలు, వంటావార్పులు, పాటలు. నేను మాట్లాడితే ఏ వైపు మనిషినో తెలిసిపోయేది. ఎవరూ నన్ను ఒక్క మాట అనలేదు, ఆ మాట చెప్పాలి. అయినా నాకు నేనే కొట్లలో మాట తగ్గించుకున్నాను. కూరగాయలు వేలుతో చూపించి కొనడం అలవాటైంది. ఇంట్లో మాట లేదు, ల్యాబ్‌లో మాట లేదు, ఇప్పుడు బజార్లో కూడా లేదు. నేను మామూలుగా నోరు విప్పేది సత్తెమ్మ మంచం పక్కనే. "నీ మాట టీవీల వార్తలు సదివినట్టు ఉంటది, ఇనబుద్దయితది," అనేది ఆవిడ.

సమ్మెతో మల్లేశానికి పని లేదు. ఒకరోజు మధ్యాహ్నం ఆయన మా ల్యాబ్ గేటు దగ్గరికి వచ్చాడు. సెక్యూరిటీ అతను ఫోన్ చేస్తే కిందికి వెళ్లాను. ఆయన చెప్పులు దుమ్ము కొట్టుకుని ఉన్నాయి. బోడుప్పల్ నుంచి నడిచే వచ్చాడు.

"మేడమ్, ఒక్క మాట. గా మందు ఉన్నది గద మీ దగ్గర. ఆమెకు ఒక్కసారి ఎక్కించరాదు? ఏమన్నయితె నేను సంతకం వెడ్త. మీ పేరు ఎక్కడ రానియ్య."

"అన్నా, అది మందు కాదు."

"పేపర్ల సూసిన. మీ అసొంటోళ్లు ఎలుకలకు ఎక్కిస్తె గడ్డలు కరిగినయంట."

"అక్క నీళ్లతో నేను చేసే దాంట్లో మందు జన్యువే లేదన్నా. లోపలికి పోయిందో లేదో తెలుసుకోవడానికి పచ్చగా వెలిగే జన్యువు పెడతాం. అంతే. అది ఎవరి జబ్బునూ తగ్గించదు. మనిషికి ఎక్కిస్తే ఊపిరితిత్తుల్లో అడ్డుపడి ప్రాణం మీదికి రావచ్చు."

"అంటే ఉత్త దీపమా?"

"ఉత్త దీపమే అన్నా."

రోడ్డుకి అవతల ఉన్న టీ బండి దగ్గరికి తీసుకెళ్లి కూర్చోబెట్టాను. గ్లాసు పట్టుకున్నాడు గానీ తాగలేదు. తలొంచుకుని చెప్పాడు. "ఆమె గా మందు వస్తదనే ఆశ మీద బతుకుతున్నది మేడమ్. సంతకం వెట్టిన కాడికెల్లి జర హుషారయింది. ఇగ ఏం లేదని నేనెట్ల జెప్త? మీరు కూడ జెప్పకుండ్రి."

అంతకుముందు వారమే సత్తెమ్మ ఇదే మాట తిప్పి చెప్పింది. "మా ఆయన మీ మందు మీద ఆశ వెట్టుకున్నడు. నాకైతె ఎరుకే, నువ్వు మొదటి దినమే జెప్పినవ్. ఆయనకు జెప్పకు. నేను పోయే దినం దాంక గా ఆశన్న ఉండనియ్యి."

ఒకే ఇంట్లో, ఒకే మంచం దగ్గర ఇద్దరూ ఒకరి ఆశకు ఒకరు తెలియకుండా కాపలా కాస్తున్నారు. ఇద్దరి నిజమూ నా దగ్గరే ఉంది. ఎవరిది విప్పినా వాళ్లు నా మీద పెట్టుకున్న నమ్మకం పోతుంది. ప్రాణానికే ముప్పు కనుక మందు లేదని ఆయనకు చెప్పక తప్పలేదు, ఆవిడకు అది ముందే తెలుసని మాత్రం ఆ రోజు చెప్పలేదు. ఆటో ఎక్కించి పంపించాను.

కానీ ఊరుకోలేకపోయాను కూడా. తర్వాత ఆసుపత్రిలో సత్తెమ్మతో ఒక్క ముక్కే చెప్పాను. "అక్కా, అన్న గేటు దాకా నడుచుకుంటూ వచ్చాడు. మందు అడిగాడు." ఆయన ఇంకేం చెప్పాడో చెప్పలేదు. ఆవిడా అడగలేదు. కళ్లు మూసుకుంది. కళ్లు తెరవకుండానే, "ఆదివారం మా ఇంటికి రా, బువ్వ తిందాం," అంది.

ఆదివారం వెళ్లాను. కొత్త అపార్ట్‌మెంట్ల మధ్య మిగిలిపోయిన రెండు గదుల పాత ఇల్లు. మల్లేశమే వండాడు. పచ్చిపులుసు, పప్పు, కోడిగుడ్డు కూర. సత్తెమ్మ గోడకు దిండు పెట్టుకుని కూర్చుంది. తనకు తిండి సయించడం లేదు. మేం తింటుంటే చూస్తూ కూర్చుని, ఆయన నాకు మారు వడ్డిస్తుండగా చాలా మామూలుగా అంది.

"ఇగో, ఈమె దగ్గర మందు లేదు. నాకు మొదటిసంది ఎరుకే."

ఆయన చేతిలో గరిటె అలాగే ఆగిపోయింది.

"నువ్వు గేటు కాడికి వోయినవంట. ఇంక వోకు. మందు లేదు, నేను ఉండ. నువ్వు ఎరుక లేనట్టు జేస్తున్నవ్, నేనూ గట్లనే జేస్తున్న. నాకు మస్తు అలుపొస్తున్నది. ఇగ సాలు."

"మరి సంతకం ఎందుకు వెట్టినవే?" అన్నాడాయన.

"మోరిల పోసే నీళ్లే గద, ఎవలకన్న అక్కరకొస్తె రానీ అనుకున్న." నా వైపు చూసి, కాస్త సిగ్గుగా నవ్వింది. "ఇంకోటి. ఇంటికొచ్చేటోళ్లంత నా మొహం సూసి గొంతు తగ్గిస్తున్రు. ఈమె రోగాన్ని గురించే మాట్లాడుతది గని, మామూలుగ మాట్లాడుతది. నీళ్లియ్యకపోతె రాదు గద అని."

మల్లేశం గిన్నె కింద పెట్టి ఆవిడ పక్కన గోడకు ఆనుకుని కూర్చున్నాడు. భుజానికి భుజం తగిలేలా. ఆవిడ ఆయన చెయ్యి తీసి తన ఒళ్లో పెట్టుకుంది. వాళ్లిద్దరినీ అలా వదిలేసి, నా కంచం తీసుకుని పెరట్లోకి వెళ్లి కడుక్కున్నాను. కడిగిన కంచాన్ని మళ్లీ కడిగాను. నా కోసం కూడా ఎవరో ఎదురుచూశారన్న సంగతి అక్కడ నిలబడి ఉండగా మెల్లమెల్లగా అర్థమైంది. నీళ్లను వంక చేసుకుంది నేనొక్కదాన్నే కాదు.

సోమవారం మా సార్ గదికి వెళ్లాను. కడిగిన కణాల ఫలితాలతో పేపరు వద్దని, సత్తెమ్మ నీళ్లలోనే పనిచేసే బుడగ చేస్తానని చెప్పాను. ఆయన మంచివాడే. కళ్లజోడు తీసి, "చాలా కాలం పడుతుంది. వచ్చే సంఖ్యలు చిన్నగా ఉంటాయి. ఎవరూ పట్టించుకోరు," అన్నారు. తెలుసన్నాను. నీ ఇష్టమన్నారు.

బుడగకు విద్యుదావేశం తగ్గించాను. ప్రొటీన్లు అతుక్కోకుండా పైన పెగ్ అనే పదార్థంతో నీటిని ఇష్టపడే పలుచని పొర వేశాను. పొర మందమైతే ప్రొటీన్లు అంటవు గానీ కణం కూడా మింగదు. పలుచనైతే మళ్లీ ముద్దవుతుంది. మార్చి మార్చి చూశాను. చలికాలం వచ్చింది. సమ్మె ముగిసి మల్లేశం డ్యూటీలో చేరాల్సి వస్తే సెలవు పెట్టాడు. సత్తెమ్మకు నీళ్లు మరీ తొందరగా చేరుతున్నాయి. చివరిసారి తీసినప్పుడు ఆవిడ మాట్లాడలేదు. నా వేలు పట్టుకుని పడుకుంది.

ఆ చివరి నీళ్లలో, కడగకుండా, ఒక చుక్క కూడా తీసెయ్యకుండా చేసిన గిన్నెలో పచ్చటి కణాలు కనిపించాయి. గుంపులేం కాదు. ఇక్కడొకటి, ఎక్కడో ఇంకొకటి. నాకు కన్ను మసకబారి మైక్రోస్కోపు అద్దం మసకేసిందేమోనని తుడిచాను. ఫోటో ప్రింటు తీసుకుని ఆటోలో బోడుప్పల్ వెళ్లాను.

ఇక చేసేదేమీ లేదని ఆసుపత్రి వాళ్లు ఇంటికి పంపేశారు. సత్తెమ్మ మత్తులో ఉంది. మల్లేశం చెవిలో పిలిస్తే కళ్లు తెరిచింది. ఫోటో కళ్ల ముందు పెట్టాను. నల్లటి కాగితం మీద పచ్చటి చుక్కలు. చాలాసేపు చూసింది.

"జరీ సుక్కలా?" అంది.

"మీ కణాలే అక్కా. మీ నీళ్లలోనే. లోపలికి పోయింది."

"గింతేనా?"

"ఇంతే."

పెదవి కదిలింది, నవ్వే అనుకుంటాను. "పోనీ. పోయినయి గద," అంది. మళ్లీ మత్తులోకి జారిపోయింది. అదే నాతో ఆఖరి మాట. రెండు రోజులకు పోయింది. నా కొలత జాకెట్టు ఆ ఇంట్లోనే ఎక్కడో ఉండిపోయింది. నేను అడగలేదు.

దినాలయ్యాక మల్లేశం ల్యాబ్‌కు ఫోన్ చేసి వచ్చాడు. మళ్లీ అదే టీ బండి దగ్గర కూర్చున్నాం. ఈసారి టీ తాగాడు. తటపటాయిస్తూ అడిగాడు.

"ఆమెవి ఇంక ఉన్నయా మేడమ్, మీ దగ్గర?"

"కొన్ని సీసాలున్నాయన్నా. గడ్డకట్టించి దాచాం."

"బతికే ఉన్నయా?"

"నిద్రలో ఉన్నట్టు. మళ్లీ వెచ్చబెడితే లేస్తాయి."

ఆ మాట అన్నాక అనకుండా ఉండాల్సింది అనిపించింది. ఆయన రోడ్డు మీద పోయే బస్సుల్ని చూస్తున్నాడు. "గవి ఆమెనా, ఆమె రోగమా?"

"రోగమే అన్నా. కానీ ఆమెవే. మీరు వద్దంటే తీసేస్తాం. మీకు ఆ హక్కుంది."

"దేంట్ల వెట్టిన్రు?"

లిక్విడ్ నైట్రోజన్ గురించి చెప్పాను. గాలిలోని నత్రజనిని ద్రవంగా మారిస్తే ఉండే చలి, మంచు కూడా దాని ముందు వేడి అనిపించేంత చలి. ఆయన గ్లాసు కింద పెట్టాడు.

"ఆమె సలికి అస్సలు ఆగకపోతుండె మేడమ్," అన్నాడు. "దసర నుంచే స్వెటరేసుకుంటుండె."

వరంగల్ వైపు వెళ్లే బస్సులు ఒకదాని వెనుక ఒకటి పోతున్నాయి. చివరికి ఆయనే లేచి, "ఉండనియ్యుండ్రి. ఆమె ఇచ్చింది, నేనెవన్ని తియ్యమనెటానికి," అని, తువ్వాలతో మొహం తుడుచుకుని వెళ్లిపోయాడు.

ఆ సీసాల్ని రెండేళ్లపాటు పరీక్షలకు వాడాం. మా బుడగ మందు కాలేదు. అదీ చెప్పాలి. చిన్న సంఖ్యలతో ఒక పేపరు వచ్చింది, సార్ అన్నట్టే ఎక్కువమంది పట్టించుకోలేదు. పొర ఎంత మందం ఉండాలన్న లెక్కను మాత్రం తర్వాత వేరే ఊళ్లలో ఇలాంటి పనే చేసేవాళ్లు వాడుకున్నారు. తెలంగాణ వచ్చిన ఏడాది ఆ ప్రాజెక్టు ముగిసింది.

ఈ కేసు నాకు నేర్పింది రెండు సంగతులు. మొదటిది వృత్తికి సంబంధించింది. 'పనిచేసింది' అని ఎవరైనా చెప్పగానే, అది నా పనైనా సరే, 'ఎక్కడ?' అని అడుగుతాను. శుభ్రమైన గిన్నెలోనా, మనిషి ఒంట్లో ఉండే మురికిలోనా? ఈ ఒక్క ప్రశ్న వల్ల నా ఫలితాలు చాలావరకు చిన్నవైపోయాయి. కానీ మిగిలినవాటిని నమ్మగలను.

రెండోది చెప్పడం నాకు కొంచెం కష్టం. రోగికి అబద్ధపు ఆశ ఇవ్వకూడదని మాకు శిక్షణలో చెబుతారు. ఆశ లేదని చెప్పాక ఏం చేయాలో మాత్రం ఎవరూ చెప్పలేదు. చెప్పేసి లేచి వచ్చేయడమే నిజాయితీ అనుకునేదాన్ని. ఇవ్వడానికి ఏమీ లేనప్పుడు కూడా ఆ పక్కన కూర్చోవచ్చని, ఆ కూర్చోవడం అవతలివాళ్లకు ఎంత అవసరమో మనకూ అంతే అవసరం కావచ్చని సత్తెమ్మ దగ్గర తెలుసుకున్నాను. ఇప్పటికీ నేను ఒక్కదాన్నే ఉంటాను. కానీ బజారుకు వెళితే వేలుతో చూపించను. నోరు తెరిచి అడుగుతాను.